సర్దుకోవాలి సరే... ఎన్నాళ్లకి?

హాకీ అంటే నాకు తెలిసింది ధ్యాన్‌చంద్ ఒక్కడే. అదీ బళ్లో పిల్లలకు పాఠం చెప్పడం వల్ల. అలాంటిదాన్ని ఈ వయసులో హాకీ ఆటగాళ్ల జీతాల గురించి రాస్తున్నానంటే నాకే నవ్వొస్తోంది. కానీ ఆర్నెల్లపాటు రోజూ అన్నం దగ్గర అదే మాట వింటే ఎవరికైనా ఎంతో కొంత అబ్బుతుంది కదా!

2025 మే నెలలో ఒంగోలు ఎండలకు భయపడి కెనడాలో మా అమ్మాయి దగ్గరకు వెళ్లాను. వాళ్లుండేది ఎడ్మంటన్‌లో. అక్కడ హాకీ అంటే మంచుగడ్డ మీద ఆడేదే. మన హాకీకి వాళ్లు 'ఫీల్డ్ హాకీ' అని వేరే పేరు పెట్టుకున్నారు. ఆ ఊరి జట్టు ఆయిలర్స్. నేను వెళ్లేసరికి ఎక్కడ చూసినా నారింజ రంగు చొక్కాలు, కార్లకు జెండాలు. మా మనవడికి పదకొండేళ్లు. వాడు పాలు తాగాలన్నా ఆయిలర్స్ బొమ్మ ఉన్న గ్లాసులోనే తాగుతాడు. జూన్‌లో స్టాన్లీ కప్ ఫైనల్లో ఆ జట్టు ఫ్లోరిడా పాంథర్స్ చేతిలో ఓడిపోయింది. అంతకుముందు 2024లోనూ ఫైనల్లో వాళ్ల చేతిలోనే ఓడారట. ఆ రాత్రి పిల్లాడు అన్నం ముట్టుకోలేదు.

మర్నాడు లేవగానే వాడన్న మాట ఇదీ: "అమ్మమ్మా, బుషార్డ్‌కి ఎంతిస్తారో ఏమో! మన క్యాప్‌లో చోటు లేదు."

నెలాఖరున పచారీ కొట్టు చిట్టా ముందేసుకుని కూర్చునే మా నాన్నగారు గుర్తొచ్చారు నాకు. క్యాప్ అంటే టోపీ కదా, టోపీలో చోటేంట్రా అని అడిగాను. అల్లుడుగారు నవ్వి, కాగితం తీసుకుని లెక్కంతా వేసి చూపించారు. (మన భాషలో టోపీ పెట్టడమంటే ఏమిటో మీకు తెలుసు. విన్నాక ఆ అర్థం కూడా కొంత సరిపోయేటట్టే ఉందనిపించింది.)

అక్కడ ఎన్‌హెచ్‌ఎల్ అని 32 జట్లున్న లీగ్ ఉంది. 2004-05లో యజమానులకీ ఆటగాళ్లకీ జీతాల దగ్గర పేచీ వచ్చి యజమానులు తలుపులు మూసేశారు. ఆ ఏడాది లీగ్‌లో ఒక్క ఆట కూడా జరగలేదు. ఆ గొడవలోంచి పుట్టిందే శాలరీ క్యాప్. అంటే ఒక జట్టు తన ఆటగాళ్లందరికీ కలిపి ఏడాదికి ఇంతకు మించి ఇవ్వకూడదని గీత గీశారు. 2005-06లో ఆ గీత 3.9 కోట్ల డాలర్ల దగ్గర ఉండేది. 2025-26కి 9.55 కోట్ల డాలర్లయింది. 2026-27కి 10.4 కోట్లని ముందే ప్రకటించారు. లీగ్‌కొచ్చే ఆదాయంలో సగం ఆటగాళ్లకు, సగం యజమానులకు అనేది ఇప్పటి పద్ధతి.

ఎంత డబ్బున్న యజమానైనా ఆ గీత దాటడానికి వీల్లేదు. 23 మందిని అందులోనే పోషించుకోవాలి. అంటే ఒకడికి పెంచితే ఇంకొకడికి తగ్గాల్సిందే. మనకు కొత్తేముంది? ఒక్క జీతం మీద ఆరుగురున్న ఇంట్లో పెరిగిన ప్రతి ఆడపిల్లకీ ఈ శాలరీ క్యాప్ పుట్టుకతోనే తెలుసు. అన్నయ్య ఇంజినీరింగ్ ఫీజు కట్టాల్సిన ఏడాది నాకు పట్టు పరికిణీ రాలేదు. నేనేమీ అడగలేదు కూడా. అడక్కపోవడాన్నే 'మంచిపిల్ల' అన్నారు.

మా మనవడి దిగులుకి కారణమైన ఆ కుర్రాడి సంగతి చెబుతాను. పేరు ఇవాన్ బుషార్డ్. వెనకాల నిలబడి ఆడే డిఫెన్స్ ఆటగాడు. 2018లో పద్దెనిమిదేళ్లప్పుడు ఆయిలర్స్ అతన్ని ఎంచుకుంది. ఎంచుకోవడమంటే కుర్రాడు తనకిష్టమైన జట్టుకు పోవడం కాదు. జట్లన్నీ వరసగా కూర్చుని ఆ ఏటి కుర్రాళ్లను పంచుకుంటాయి. ఎవరి వంతుకొస్తే వాళ్ల సొత్తు. పెళ్లిచూపుల్లో అయినా పిల్లకు కాదనే వీలుంటుంది కదా అనుకున్నాను. ఉంటుందనే అంటారు మరి!

అంత చిన్న వయసులో చేరినవాళ్లకి మొదటి ఒప్పందం మూడేళ్లు. దానికీ ఓ గరిష్ఠ జీతం ఉంది. ఎంత గొప్పవాడైనా సరే. ప్రపంచంలోనే మేటి ఆటగాడని పేరున్న కానర్ మెక్‌డేవిడ్‌కి కూడా మొదటి మూడేళ్లూ అసలు జీతం ఏడాదికి 9.25 లక్షల డాలర్లే. బాగా ఆడితే వచ్చే బోనసులు వేరే. ఆ మూడేళ్లలో రెండో ఏడాదే అతను లీగ్ మొత్తానికి ఉత్తమ ఆటగాడయ్యాడు.

అసలు బేరమంతా రెండో ఒప్పందం దగ్గర. అప్పటికి కుర్రాడికి ఇరవై ఒకటో, ఇరవై రెండో ఉంటాయి. తన విలువేమిటో లోకానికి తెలిసిపోయింది. కానీ హక్కులు మాత్రం పాత జట్టువే. వేరే జట్టు 'మేమింతిస్తాం' అని కాగితం పంపొచ్చు. ఏడు రోజుల్లోగా పాత జట్టు 'అంతే మేమూ ఇస్తాం' అంటే ఇక్కడే ఉండిపోవాలి. అనకపోతే, ఇచ్చిన జీతాన్ని బట్టి కొత్త జట్టు రాబోయే ఏళ్లలో కుర్రాళ్లను ఎంచుకునే తన వంతుల్ని నష్టపరిహారంగా వదులుకోవాలి. అందుకని అలాంటి కాగితాలు అరుదుగా వస్తాయి. మిగిలిన దారల్లా సంతకం పెట్టకుండా ఇంట్లో కూర్చోవడమే. దానికీ గడువుంది. డిసెంబర్ 1 దాటితే ఆ సీజన్‌లో ఇక ఆడనివ్వరు. 2018లో టొరంటో జట్టులో విలియం నైలాండర్ అనే కుర్రాడు సరిగ్గా ఆ రోజు దాకా కూర్చుని, ఆఖరి నిమిషాల్లో సంతకం పెట్టాడట. రెండు నెలల ఆట పోయింది. ఊళ్లోవాళ్లు నోటికొచ్చినట్టల్లా తిట్టారు. ఎంత ఆశ, ఎంత స్వార్థం, జట్టంటే లెక్కలేదు అని. గీత గీసినవాళ్లని మాత్రం ఎవరూ ఏమీ అన్నట్టు లేదు.

బుషార్డ్ 2023లో ఏం చేశాడంటే, తక్కువకే ఒప్పుకున్నాడు. ఏడాదికి 39 లక్షల డాలర్లు. జట్టు దగ్గర డబ్బు లేదు, పెద్దవాళ్లిద్దరికే చాలా పోతోంది. కానీ ఒప్పుకున్నది రెండేళ్లకే. ఇలాంటి చిన్న ఒప్పందాన్ని వాళ్లు 'బ్రిడ్జి' అంటారు. ఏరు దాటడానికి వేసే వంతెనన్నమాట. ఆ రెండేళ్లలో మొదటి ఏడాదే 82 పాయింట్లు సంపాదించాడు. గోలు కొడితే ఒక పాయింటు, కొట్టడానికి బంతి అందించినా ఒక పాయింటు. (బంతి కాదు అమ్మమ్మా, 'పక్' అనాలి అని మనవడు పదిసార్లు దిద్దాడు.) వెనకాల ఆడేవాడికి 82 అంటే మామూలు విషయం కాదట. 2025 జూన్ 30న మళ్లీ బేరం. నాలుగేళ్లకి, ఏడాదికి 1.05 కోట్ల డాలర్లు. 39 లక్షలెక్కడ, కోటీ అయిదు లక్షలెక్కడ! ఆ రోజు మా ఇంట్లో మనవడు పాయసం చేయించుకుని తాగాడు.

అదే జట్టులో ఇంకో కుర్రాడిదీ చెప్పాలి. లియాన్ డ్రైసైటిల్, జర్మనీ అబ్బాయి. 2017లో ఇరవై ఒక్కేళ్లకి రెండో ఒప్పందం. ఏడాదికి 85 లక్షలు, ఎనిమిదేళ్లకు. అప్పట్లో ఇంత ఎక్కువా అని ముక్కున వేలేసుకున్నారట చాలామంది. మూడేళ్లు తిరిగేసరికి, 2020లో, అతనే లీగ్ మొత్తానికి ఉత్తమ ఆటగాడు. అయినా 2025 వేసవి దాకా అదే 85 లక్షలు. తనకంటే తక్కువ ఆడినవాళ్లు తనకంటే ఎక్కువ తీసుకుంటుంటే చూస్తూ ఆడాడు. 2024 సెప్టెంబర్‌లో గానీ 1.4 కోట్ల కొత్త ఒప్పందం కుదర్లేదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఎనిమిదేళ్ల ఒప్పందంలో ఓ నిశ్చింత ఉంది. మోకాలు విరిగినా ఆ డబ్బు వస్తుంది. మంచు మీద అంత వేగంతో ఒకళ్లనొకళ్లు గుద్దుకునే ఆటలో ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు ఆ నిశ్చింత కోరుకున్నాడంటే తప్పు పట్టలేం. నేను చెప్పేదల్లా, జట్టు ఎంత లాభపడిందో అతను అంత వదులుకున్నాడని. ఆ జట్టు అన్నేళ్లు ఇద్దరు మేటి ఆటగాళ్లను కలిపి ఉంచుకోగలిగిందంటే అది అతని పుణ్యమే. ఎవరూ దాన్ని త్యాగమని పిలవలేదు, చవగ్గా దొరికాడన్నారు.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు నా బడి రోజులు గుర్తొచ్చాయి.

1987లో ఒక ప్రైవేటు బళ్లో టీచరుగా చేరాను. జీతం ఎనిమిది వందలన్నారు. మొదటి నెల కవర్లో అయిదు వందలున్నాయి. రిజిస్టర్లో సంతకం మాత్రం ఎనిమిది వందలకే. ఏమండీ అంటే, "కొత్త స్కూలు టీచర్‌గారూ, ఈ ఒక్క ఏడాదీ సర్దుకోండి, నిలదొక్కుకోగానే మీకే ముందు పెంచుతాం" అన్నారు. 'మీకే ముందు' అన్న మాట ఎంత తియ్యగా ఉందో! నేను సర్దుకున్నాను. ఏడాదికి యాభయ్యో, వందో పెంచుతూ వచ్చారు. ఆ మొదటి ఏడాది తగ్గించిన మూడు వందలు ఎప్పటికీ కలవలేదు, ఎందుకంటే ప్రతి పెంపూ ఆ తగ్గిన జీతం మీదే. తొమ్మిదేళ్లు చేశాను. నా తరవాత చేరిన లెక్కల మాష్టారికి నాకంటే రెండు వందలు ఎక్కువని ఆయన మానేసి వెళ్లేరోజున తెలిసింది. ఆయనకి ఇల్లు గడవాలి కదమ్మా అన్నారు. నాకు ఇల్లు లేనట్టు!

నా తప్పెక్కడో ఇన్నాళ్లూ సరిగ్గా తెలియలేదు. తక్కువకు ఒప్పుకోవడం తప్పనుకునేదాన్ని. కాదు. ఆ బడి నిజంగానే కొత్తది, డబ్బు నిజంగానే లేదు. ఆ ఏడాది నేను సర్దుకోకపోతే ఇంకో టీచరమ్మకి మూడు వందలు తక్కువ పడేవి. నా తప్పు, గడువు అడక్కపోవడం. ఈ ఒక్క ఏడాదీ అన్నప్పుడు, సరేనండీ, ఏడాది తరవాత ఎంతో ఇక్కడ రాయండి అనకపోవడం.

ఇంకో సంగతి కూడా ఉంది. పక్క టీచరుకి ఎంతో మాలో ఎవరికీ తెలీదు. చెప్పుకోకూడదని కట్టడి. మంచు హాకీలోనూ ఒకప్పుడు అంతేనట. 1990 ప్రాంతంలో ఆటగాళ్ల సంఘం అందరి జీతాలూ బయటపెట్టింది. ఆ తరవాత బేరాల తీరే మారిపోయింది. ఫలానావాడు ఇన్ని గోల్స్ కొట్టి ఇంత తీసుకుంటున్నాడు, నేనింత కొట్టాను, నాకెంత అని అడగడానికి వీలైంది. ఇప్పుడు మా మనవడికి ఆయిలర్స్‌లో ప్రతివాడి జీతమూ కంఠతా వచ్చు. వాళ్లమ్మ జీతమెంతో మాత్రం వాడికి తెలీదు. పక్క సీట్లో ఉన్నవాళ్ల జీతం వాళ్లమ్మకే తెలీదు.

ఆ కుర్రాళ్లెవరూ నోరు తెరిచి అడగరు. వాళ్ల తరఫున ఏజెంటు మాట్లాడతాడు. జట్టు మేనేజరూ ఏజెంటూ నెలల తరబడి కీచులాడుకున్నా, కుర్రాడు వచ్చి 'ఈ ఊరంటే నాకు ప్రాణం' అని నవ్వుతూ చొక్కా వేసుకుంటాడు. మంచితనం చెడదు, జీతమూ పెరుగుతుంది. మన అమ్మాయిలు అడిగేదీ వాళ్లే, అడిగినందుకు మొహం చూపించాల్సిందీ వాళ్లే. 'ఇంత డబ్బు మనిషనుకోలేదు' అనిపించుకునేదీ వాళ్లే.

ఇదంతా జట్టు వైపు నుంచి కూడా చూడాలి కదా అని అల్లుడుగారు అన్నారు. నిజమే. నేనే పెన్సిలు పట్టుకుని కూడాను. 2025-26లో డ్రైసైటిల్‌కి 1.4 కోట్లు, మెక్‌డేవిడ్‌కి 1.25 కోట్లు, బుషార్డ్‌కి 1.05 కోట్లు, డార్నెల్ నర్స్ అనే ఇంకో ఆటగాడికి 92.5 లక్షలు. నలుగురికే 4.62 కోట్ల పైన. 9.55 కోట్లలో ఇంచుమించు సగం! మిగిలిన సగం పందొమ్మిది మంది పంచుకోవాలి. ఆ సీజన్‌లో లీగ్ కనీస జీతం 7.75 లక్షలు. కాబట్టి పెద్దవాడు పట్టుపడితే చిన్నవాడి కంచంలో తగ్గుతుందన్నది అబద్ధం కాదు.

2024 ఆగస్టులో ఆ జట్టుకి ఆ దెబ్బ తగిలింది కూడా. బ్రోబెర్గ్, హోలోవే అని ఇద్దరు కుర్రాళ్లు. మొదటి ఒప్పందం అయిపోయింది. ఆయిలర్స్ దగ్గర చోటు లేక బేరం సాగుతోంది. ఇంతలో సెయింట్ లూయిస్ జట్టు ఇద్దరికీ ఒకేసారి కాగితాలు పంపింది. ఒకడికి ఏడాదికి 45.8 లక్షలు, ఇంకొకడికి 22.9 లక్షలు, రెండేళ్లకి. ఏడు రోజులు ఆలోచించి ఆయిలర్స్ ఇద్దర్నీ వదులుకుంది. హోలోవే ఆ ఏడాది అక్కడ 26 గోల్స్ కొట్టాడు. 'మన పిల్లాడు' అంటూ మా మనవడు ఇప్పటికీ వాడి స్కోరు చూసుకుంటాడు. కుర్రవాళ్లేగా, ఎక్కడికి పోతారులే అనుకుంటే ఇలాగే అవుతుంది. కోడలు ఉద్యోగం మానేశాక గానీ ఇంటిఖర్చులో ఆమె జీతం ఎంతుండేదో తెలియని ఇళ్లు నేను చాలా చూశాను.

అక్టోబర్‌లో అసలు కథ నడిచింది. మెక్‌డేవిడ్ ఎనిమిదేళ్ల ఒప్పందం 2026 వేసవితో పూర్తవుతుంది. ఊరంతా ఊపిరి బిగబట్టి కూర్చుంది. 2025 సెప్టెంబర్ 30న మిన్నెసోటా జట్టు కప్రిజోవ్ అనే ఆటగాడికి ఏడాదికి 1.7 కోట్ల చొప్పున ఎనిమిదేళ్లకు రాసిచ్చింది. అతనికే అంతైతే మెక్‌డేవిడ్‌కి ఎంతివ్వాలి? రూలు ప్రకారం ఒక ఆటగాడికి జట్టు పరిమితిలో ఐదో వంతు దాకా ఇవ్వొచ్చు. 10.4 కోట్లలో అయిదో వంతంటే రెండు కోట్ల పైమాటే.

అక్టోబర్ 6న తెలిసింది. పాత జీతమే. 1.25 కోట్లు. ఒక్క డాలరు పెరగలేదు.

ఊళ్లో పండగే పండగ. గుడిలో ప్రసాదం దగ్గర కూడా 'ఎంత మంచివాడండీ, జట్టు కోసం ఎంత సర్దుకున్నాడో' అనే మాటే. మా మనవడైతే స్కూల్లో ఏడ్చాడట సంతోషంతో. అందరూ జీతం అంకె చూశారు. నేను దాని పక్కనున్న ఇంకో అంకె చూశాను. రెండేళ్లు! సొంత జట్టుతో ఎనిమిదేళ్లకు రాసుకునే వీలున్నా, రెండేళ్లకే రాశాడు. 2028 వేసవి దాకా. మిగిలిన డబ్బుతో నా పక్కన ఆడేవాళ్లను తెచ్చి చూపించండి, తెస్తే ఉంటాను, లేకపోతే నా దారి నాది అన్నట్టే కదా అది? అతని మనసులో ఏముందో నాకు తెలియదు, కాగితం మాత్రం నాకలాగే చదవబడింది. పైగా 2018లో ఈ 1.25 కోట్లు జట్టు పరిమితిలో ఆరో వంతుకి దగ్గరగా ఉండేవి. 2026-27లో ఎనిమిదో వంతే. పాత జీతమే అనుకుంటాం గానీ, గీత పెరుగుతున్న చోట పెరగకపోవడమంటే తగ్గడమే.

సరిగ్గా ఆ వారంలోనే మా అమ్మాయికి ఆఫీసులో కబురొచ్చింది. చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తుంది. పైనున్నావిడ మానేసింది. ఆ పని నువ్వు చెయ్యి, పేరు మారుస్తాం, ముగ్గురు నీ కింద ఉంటారు, జీతం మాత్రం ఈ ఏడాది బడ్జెట్‌లో లేదు, మన టీమ్ పరిస్థితి తెలుసుగా అన్నారట. రాత్రి అంట్లు సర్దుతూ చెప్పింది. గొంతులో సంతోషమే ఉంది.

"ఒప్పుకున్నావా?" అన్నాను.

"రేపు చెప్తానన్నాను. ఏందమ్మా అట్లా చూస్తావు? మెక్‌డేవిడ్డే సర్దుకున్నాడు, నేనెంత!" అంది నవ్వుతూ.

"అతను రెండేళ్లకి సర్దుకున్నాడే. నువ్వు ఎన్నాళ్లకి?"

అది మాట్లాడలేదు. కుళాయి కట్టేసి నిలబడింది. అల్లుడుగారు టీవీ ముందు నుంచి లేచొచ్చి, "అత్తయ్యగారు అన్నది నిజమే, నువ్వు తారీఖు అడగలేదు" అన్నారు. నాలుగు రోజుల ముందు 'వచ్చిన అవకాశం వదులుకోకు, జీతం తరవాత చూసుకోవచ్చు' అన్నది కూడా ఆయనే. మనిషి మంచివాడే గానీ, తన ఉద్యోగంలో అయితే 'తరవాత చూసుకోవచ్చు' అనుకునేవాడు కాదు.

ఆ రాత్రి ముగ్గురం కూర్చుని ఓ మెయిల్ రాశాం. రాసింది అమ్మాయే, నేను పక్కన కూర్చుని తోటకూర వలిచాను. పని తీసుకుంటాను, పాత జీతానికే ఆరు నెలలు చేస్తాను, ఏప్రిల్ నెలాఖరులోగా ఈ పనికి తగ్గ జీతం ఎంతో రాతపూర్వకంగా తేల్చాలి, తేల్చలేకపోతే పాత పనికే వెళ్లిపోతాను. ఇంతే. పంపించే ముందు 'క్షమించండి' అని మొదటి వాక్యంలో పెట్టింది. తీసేయమన్నాను. తీసేసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీసేసింది.

ఇక్కడ మా మనవడికి తెలియని కథొకటి అమ్మాయి చెప్పింది. ఆడవాళ్ల మంచు హాకీకి సరైన లీగ్ వచ్చింది 2024 జనవరిలోనే. పీడబ్ల్యూహెచ్ఎల్ అంటారు. దాంట్లో మొదటి ఏడాది కనీస జీతం 35 వేల డాలర్లు. మగవాళ్ల కనీసంలో ఇరవయ్యో వంతు కూడా కాదు. జట్టు సగటు జీతం మొదటి ఏడాది 55 వేలని, ఆ తరవాత ఏటా మూడు శాతం పెరగాలని ఒప్పందం. అదీ 2031 దాకా. కష్టపడి సాధించుకున్నదే, కాదనను. ఒలింపిక్ పతకాలు మెడలో ఉన్నవాళ్లు కూడా అంతకుముందు వేరే ఉద్యోగాలు చేసుకుంటూ ఆడారు. కానీ ఎవరికెంతో మాత్రం పేరుపేరునా బయటపెట్టలేదు. మా బడి రిజిస్టరులాగే!

ఆ లీగ్‌లో శారా ఫిలియర్ అనే కెనడా అమ్మాయిని 2024లో అందరికంటే ముందు న్యూయార్క్ జట్టు ఎంచుకుంది. మొదటి పేరుగా పిలిపించుకున్న అమ్మాయి సంతకం పెట్టింది ఒక్క ఏడాదికే. ఆ ఏడాది 29 పాయింట్లతో, ఎన్నో ఒలింపిక్స్ ఆడిన హిలరీ నైట్‌తో సమానంగా లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచింది. కొత్తగా వచ్చినవాళ్లలో ఉత్తమ ఆటగత్తె కూడా తనే. 2025 జూన్‌లో మళ్లీ అదే జట్టుతో కూర్చుని రెండేళ్లకు రాసుకుంది. ఎంతకో మనకు తెలీదు. ఎన్నాళ్లకో తెలుసు. మన దగ్గర చూస్తే, 2024లో హాకీ ఇండియా లీగ్ వేలంలో మగవాళ్ల జట్టుకు నాలుగు కోట్ల రూపాయల పరిమితి, ఆడవాళ్ల జట్టుకు రెండు కోట్లు. ఆడవాళ్లలో అందరికంటే ఎక్కువ పలికిన ఉదితకి 32 లక్షలు. మగవాళ్లలో హర్మన్‌ప్రీత్ సింగ్‌కి 78 లక్షలు. అక్కడ గీతే సగంలో గీశారు, ఇక ఆ అమ్మాయిలు ఎంత బాగా బేరమాడితే మాత్రం ఏం లాభం? దానికి సంఘం కావాలి, ఒక్కొక్కరి తెలివి చాలదు.

మా అమ్మాయికి జవాబు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ అది సరిగ్గా నిద్రపోలేదు. అనవసరంగా రాయించావమ్మా, వాళ్లకు కోపం వచ్చినట్టుంది అని రెండుసార్లు అంది. నాకూ లోపల భయంగానే ఉంది, పైకి మాత్రం ఏమీ కాదులే అన్నాను. పదో రోజున పిలిచి, ఆరు నెలలు కుదరదు, ఏడాది అన్నారట. ఇది ఎనిమిది నెలలంది. ఆఖరికి జూన్ నెలాఖరు అని కాగితం మీద రాసిచ్చారు. ఎంత పెంచుతారో రాయలేదు, 'సమీక్షిస్తాం' అని రాశారు. ఆ ముక్క నాకు నచ్చలేదు. అంకె లేని మాట మీద నాకు నమ్మకం పోయి చాలా ఏళ్లయింది. అయినా తారీఖు ఉంది. నా తొమ్మిదేళ్లలో అదొక్కటీ లేదు.

నవంబర్‌లో నేను తిరిగి ఒంగోలు వచ్చేశాను. వచ్చేరోజు మనవడు మెక్‌డేవిడ్ పేరున్న నారింజ చొక్కా నా పెట్టెలో పెట్టాడు. ఇక్కడ దాన్ని ఎక్కడ తొడుక్కోను, బీరువాలో ఉంది. వంటింట్లో కొత్త క్యాలెండర్ తగిలించిన రోజున జూన్ 30 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. మా పనమ్మాయి చూసి, "ఏం పండగమ్మా ఆ రోజు?" అని అడిగింది. చెప్పాను. అంతా విని, "మరి నాకు మూడేళ్లయిందమ్మా మీరు పెంచి" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆ ఎర్ర పెన్నే తీసి, నువ్వే ఒక తారీఖు చెప్పు అన్నాను. ఒకటో తారీఖు అంది. వచ్చే ఒకటే!